పెసరట్టు పరీక్ష

తిండి పెట్టకుండా ఆశీర్వాదంగారు ఎవర్నీ ఇంటర్వ్యూ చెయ్యరు. పాలకొల్లులోని ఆ రొయ్యల మేత కంపెనీలో ఉద్యోగాలిచ్చేది ఆయనే. ఎవరొచ్చినా, "ముందు పెసరట్టు తినండి. సర్టిఫికెట్లు ఎక్కడికీ పోవు" అంటారు.

అసలు పరీక్షంతా ఆ తినడంలోనే ఉందని ఊరందరి నమ్మకం. అల్లం పచ్చడి ముందు ముట్టుకుంటే సేల్స్. ఉప్మా వదిలేస్తే ఇంటికే. అందుకని ఇంటర్వ్యూకి పిలుపొచ్చిన సారిక వారం రోజులు ఇంట్లో పెసరట్టు తినడం ప్రాక్టీసు చేసింది. తల్లి సూరమ్మ ఎదురుగా కూర్చుని మార్కులు వేసింది. ఆవిడ అల్లే లేసులకు గిరాకీ పడిపోయింది మరి. ఆ ఇంటికి ఈ ఉద్యోగమే దిక్కు.

తీరా వస్తే టిఫిన్ లేదు. ఓనరు దుర్గాప్రసాదరాజుగారు కొత్త కంప్యూటర్ పెట్టించారు. ప్రశ్నలడిగేదీ, ముఖం చూసి మనిషిని తేల్చేదీ అదే. తెల్లారకుండానే పంటు మీద గోదావరి దాటి, బస్సు పట్టుకుని వచ్చిన సారికకు కళ్లు తిరుగుతున్నాయి. నోరు పెగల్లేదు.

"ఆత్మవిశ్వాసం లేదు. తిరస్కరించడమైనది" అంది కంప్యూటర్.

సారిక ఫైలు సర్దుకుంటుంటే ఆశీర్వాదంగారు తలుపుకి అడ్డం నిలబడ్డారు.

"కూర్చోమ్మా. చిట్టియ్యా, క్యాంటీన్లోంచి రెండు పెసరట్లు పట్రా."

"టిఫిన్లు వద్దన్నాను కదండి" అన్నారు రాజుగారు.

"ఆయ్, అన్నారండి. నేనే విన్లేదు."

"మిషన్ తేల్చేసిందండి."

"మళ్లీ తేల్చుద్దండి. దానికేం వేరే పనుందా?"

"మీ ఉద్యోగం ఊడుద్ది."

"ఊడనివ్వండి. టిఫినయ్యాక మాట్లాడుకుందాం."

సారిక బెదురుతూనే ముందు ఉప్మా తింది, తర్వాత పచ్చడి, ఆ తర్వాత ఏది ముందో మర్చిపోయి ప్లేటు ఊడ్చేసింది. మళ్లీ కెమెరా ముందు కూర్చుని, రొయ్య మేత ముట్టకపోతే ఏం చెయ్యాలో గడగడా చెప్పేసింది.

"ఎంపికకు సిఫారసు చేయడమైనది" అంది కంప్యూటర్, ఇందాకటి సంగతేమీ ఎరగనట్టు.

రాజుగారు బిత్తరపోయారు. "ఇంతకీ తినేటప్పుడు మీరేం చూస్తారండి?"

"చూట్టానికేముందండి? ఎక్కడెక్కడి నుంచో ఖాళీ కడుపుతో వస్తారు. పస్తున్న మనిషిని ప్రశ్నలడగడం మర్యాదాండి?"

వారం రోజుల ప్రాక్టీసు గుర్తొచ్చి సారికకు నవ్వాగలేదు.

రెండో పెసరట్టుని ఆశీర్వాదంగారు కంప్యూటర్ ముందు పెట్టారు.

"అది తినదు కదండి" అన్నారు రాజుగారు.

"అందుకేనండి, దానికి ఆకలి తెలీదు."

రాజుగారు ప్లేటు తనవైపు లాక్కున్నారు. ముందు అల్లం పచ్చడే ముట్టుకున్నారు.

'సేల్స్' అనుకుంది సారిక.