కుండలో చీటీలు, సేటు శకునాలు

డెబ్బైల చివర్లో నేను ఆదోనిలో ఒక పత్తి దుకాణంలో గుమాస్తాను. మా సేటు బామ్మర్ది ఎమ్మిగనూరులో ఉండి మా తరఫున పత్తి కొనేవాడు. పొద్దున ఆదోనిలో ధర తేలగానే సేటు ట్రంకు కాల్ బుక్ చేసి అతనికి చెప్పేవాడు. లైను గరగరలాడేది కాబట్టి బామ్మర్ది విన్న మాటనే తిరిగి అరిచి సరిచూసుకునేవాడు. ఆ అరుపు అక్కడి పోటీ వ్యాపారుల చెవిన పడేది. వాళ్లు నందవరం దారిలో ఎదురెళ్లి, రైతుల బండ్లు ఊళ్లోకి రాకముందే పత్తి కొనేసేవారు.

దీనికి ఉపాయం కనిపెట్టింది నేను. ధర బాగా పెరిగింది, కొంచెం పెరిగింది, కదల్లేదు, తగ్గింది, పడిపోయింది. ఈ ఐదింటికీ ఐదు గుట్టుమాటలు ఉండాలన్నాను. మాటల్ని చీటీల మీద రాసి, కుండలో వేసి, కళ్లు మూసుకుని ఒక్కొక్క ధరకూ ఒక్కొక్కటి తీయాలి. బామ్మర్ది ఆదోనికి వచ్చే ప్రతి ఆదివారం మాటలు మార్చాలి.

“ఎవడైనా కనిపెడితే?” అన్నాడు సేటు.

“కొత్త మాట వినీ వినగానే ధర చెప్పగలిగినవాడు, నేను కుండలో చేయి పెట్టకముందే ఏ చీటీ వస్తుందో కూడా చెప్పగలగాలి. అది ఎవరివల్లా కాదు కాబట్టి ఇదీ కాదు” అన్నాను. ఈ నిరూపణలో తప్పు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

మొదటి ఆదివారం ‘బాగా పెరిగింది’కి చీపురు వచ్చింది. ‘పడిపోయింది’కి పసుపు వచ్చింది. సేటు ఉలిక్కిపడ్డాడు.

“ధర పెరిగితే సీపురంటావా? లచ్చిమి ఈడుంటాదా అప్పా!”

వద్దన్నాను. వినలేదు. చీటీల వరస తనే మార్చాడు: పసుపు పైకి పోయింది, దాని కింద తేనె, మధ్యలో చాట, ఆ కింద బూడిద, అడుగున చీపురు. సోమవారం ఫోనులో “పసుపు” అన్నాడు. అక్కడ బామ్మర్ది “పసుపు” అని అరిచాడు. మధ్యాహ్నానికి బండ్లన్నీ పోటీవాళ్ల వాకిట్లో ఉన్నాయి.

సాయంత్రం రైతులు, హమాలీలు, పక్క దుకాణాలవాళ్లు అందరూ ఉండగా సేటు నా వైపు తిరిగాడు.

“ముగ్గురికే తెలుసు. నేను సెప్పలే. నా బామ్మర్ది సెప్పడు. ఇంక మిగిలిందెవరప్పా?”

ఎవరో వెనక నుంచి, “కుండ పెట్టినోడే కన్నం పెట్టినాడు” అని నవ్వారు. మాట మీద నడిచే బజారది. గుట్టు అమ్ముకున్నాడని పేరుపడ్డ గుమాస్తాను ఇంకే దుకాణమూ గడప తొక్కనీయదు.

నేను కదల్లేదు. కౌతాళం నుంచి సేటు అక్క ఆ రోజే వచ్చి లోపల కూర్చుని ఉంది. ఆమెకు ఈ మాటల సంగతి ఏమీ తెలియదు. ఆమెను పిలిపించమన్నాను. ఐదు మాటలూ, ధర పెరగడం తగ్గడం ఐదు రకాలూ చెప్పి, “వీటిలో ఏది ఏ ధరకు పెట్టుంటారమ్మా?” అని అడిగాను.

“ఇదేమన్నా పొడుపుకథనా? పసుపంటే బాగా పెరిగినట్టు. తేనంటే కొంచెం. సీపురంటే ఊడ్సుకుపోయినట్టే! మా తమ్ముడు పిల్లి ఎదురైతే బడికి గూడా పోయినోడు కాదప్పా, ఆదోని బజారంతా తెల్దా?”

బూడిదను, చాటను కూడా ఆమె సరిగ్గానే చెప్పింది.

ఈ మధ్య రహస్య సందేశాల శాస్త్రం మీద ఒక పుస్తకం చదివాను. అందులో రాండమ్ ఆరకిల్ అనే ఊహ ఒకటుంది. ఏది అడిగినా, కళ్లు మూసుకుని చీటీ తీసినట్టు ఏ తీరూ లేకుండా జవాబిస్తుంది, ఒకసారి చెప్పిన జవాబు మళ్లీ మార్చదు. పద్ధతి భద్రమైనదన్న నిరూపణ దాన్ని నమ్ముకుని ఉంటుంది. వాడకంలో మాత్రం దాని చోట ఇంకేదో పెడతారు, ఆ పెట్టినదానికి నిరూపణ పూచీ లేదు. పండితులు దీని గురించి ఇంకా వాదించుకుంటున్నారట. నన్ను అడిగితే చెప్పేవాణ్ని. నా కుండ చోట మా సేటు తన శకునాలను పెట్టాడు, నింద మాత్రం కుండ మీద వేశాడు.

సేటు నన్ను లోపలి గదిలోకి పిలిచి, “సరేలే, పని సూసుకో” అన్నాడు.

“నలుగురిలో అన్నారు. నలుగురిలోనే కాదని చెప్పండి.”

“మొండోడివప్పా నువ్వు.”

చెప్పలేదు. కానీ ఆదివారం కుండ తెమ్మన్నాడు. తనే కళ్లు మూసుకుని చీటీలు తీశాడు, ఒక్కటీ మార్చలేదు. చీటీల మీద మాటలు రాసింది నేను. కావాలనే ‘పీనుగ’ రాశానని తర్వాత అన్నాడు. రాయలేదని నేను ఎప్పుడూ అనలేదు.

సోమవారం ధర బాగా పెరిగింది. సేటు ఫోను చేతిలో పట్టుకుని నా వైపు ఒకసారి చూసి, “పీనుగ!” అని అరిచాడు. అవతల నుంచి “పీనుగ!” అని వినిపించింది. మూటలు దించుతున్న హమాలీ తలగుడ్డ తీసేసి అడిగాడు: “ఎవరు పోయినారు సేటూ?”

మాటలు తెలిసిన ముగ్గురం ఆ ముగ్గురమే. ఆ రోజు ఎమ్మిగనూరులో బండ్లు తిన్నగా బామ్మర్ది వాకిట్లోకే వచ్చాయి. సేటు తలగుడ్డ చుట్టుకోమని హమాలీకి చెప్పాడు. నాకు చెప్పాల్సిన మాట నలుగురిలో చెప్పలేదు. నేనింకా దాన్ని వదులుకోలేదు.