జొన్నకోతల పుట్టినరోజు

మా కాలంలో పుట్టినరోజంటే బడిలో పంతులు రాసిందే. ముందు నిలబడ్డ పిల్లవాడి ఎత్తు చూసి తోచిన తారీఖు వేసేవాడు. అలా నాకు దక్కిన తారీఖు, పాకిస్తాన్‌తో యుద్ధం జరిగిన ఏడాది వానాకాలంలో నా ప్రాణం మీదికి తెచ్చింది. అప్పుడు నేను కరీంనగర్‌లో ఒక బట్టల దుకాణంలో తానులు మడతపెట్టేవాణ్ణి. వార్తల వేళకు మా సేటు రేడియో గడపలో పెడితే బజారంతా అక్కడే చేరేది. అంతమందిని చూసేసరికి పూనకం వచ్చినట్టయి, పద్దెనిమిది నిండిన నాడే పటాలంలో చేరతానని ఓ రోజు గట్టిగా అనేశాను. (కోడిని కోస్తుంటే కళ్ళు మూసుకునే రకం నేను.)

ఇక అన్నం సహించలేదు. యుద్ధం ఇవాళ ఆగుతుంది, రేపు ఆగుతుంది అంటున్నారు గాని ఆగదు. పుట్టినరోజు మాత్రం దగ్గరికొస్తున్నది. ఎదురైనవాడల్లా ఎప్పుడు పోతున్నవని అడిగేవాడే. హోటలాయన ఊరికే చాయ పోస్తున్నాడు.

ఆ పొద్దున సేటు పూలదండ, పేడాలు, నాకు కానుకగా ఖాకీ చొక్కాగుడ్డ తెప్పించి, మధ్యాహ్నం బస్సుకు హైదరాబాదు పంపిస్తానన్నాడు. దండ నా మెడలో వేశాడు. అంతలో మా అవ్వ దిగింది (మా దిక్కు అమ్మను అలాగే పిలుస్తాం). నా గొప్పలు ఊరిదాకా పోయాయట. జనాన్ని నెట్టుకొచ్చి నా మొహం ఒకసారి చూసి, సేటు వైపు తిరిగింది.

"సేటూ, వీనికి పద్దెనిమిది యాడ నిండినయ్? జొన్నకోతలప్పుడు కన్న వీన్ని. పంతులు రాసిండని ముందుగాల పుడ్తడా?"

సేటు నా మెడలోంచి దండ తీసేసి, ప్రయాణం ఆపేశాడు. కోతలకు ఇంకా నెలలున్నాయి. నేను ఎంతో అన్యాయం జరిగినట్టు మొహం పెట్టి, లోపల అవ్వకు వంద దండాలు పెట్టుకున్నాను. మర్నాడే యుద్ధం ఆగిందని రేడియో చెప్పింది. ఆ పేడాలు బజారంతా పంచారు. అవ్వను బస్సెక్కిస్తూ, నిజంగా జొన్నకోతలప్పుడే పుట్టానా అని అడిగాను.

"యాడి కోతలురా. నువ్వు పుట్టిననాడు వాగొచ్చి మంత్రసాని రాలే. నీ మొగం జూస్తే పానం ఆగలే, గందుకే అన్న."

ఆ ఖాకీ చొక్కా చిరిగేదాకా తొడిగాను. ఇప్పుడు మనవలు కాగితాల్లోని తారీఖు చూసి వానల్లో కేకు తెస్తారు, కోస్తాను. నా లెక్కలో పుట్టినరోజు మాత్రం జొన్నలు కోసినప్పుడే. ఆ పూట రెండు రొట్టెలు చేయించుకొని ఒక్కణ్ణే కూర్చుని తింటాను. అవ్వ నలుగురిలో అన్న మాట అబద్ధం కాకూడదు గదా.