గాలి లేని సీసా

నా చిన్నప్పుడు ఒక దసరా సెలవుల్లో, ఊపిరాడక చచ్చిపోతుందేమోనని ఈస్టు సీసాకి బిరడా తీసేశాను. గొట్టం గుండా పక్క గ్లాసులోని సున్నపుతేటలోకి వస్తున్న బుడగలు ఒక్కసారిగా ఆగిపోయాయి. చంపేశాననుకుని ఏడుస్తూ కూర్చున్నాను.

అప్పుడు నేను ఏలూరులో హాస్టల్లో ఉండి ఎనిమిదో తరగతి చదువుతున్నాను. అమ్మ లేదు. నాన్న కలిదిండి దగ్గర చేపల చెరువుకి కాపలా. సెలవులివ్వగానే వచ్చి తీసుకెళతానని కబురు పంపారు, రాలేదు. పిల్లలంతా వెళ్ళిపోయారు. వంటావిడ అన్నం పెడుతూ, రేపొచ్చేస్తారులే అనేది. ఆ మాట నమ్మి పొద్దున్నే పెట్టె సర్దుకునేదాన్ని, సాయంత్రం విప్పుకునేదాన్ని.

హాస్టల్లోనే ఉండే సైన్సు టీచరుగారు అది గమనించి ఒకరోజు నన్ను ల్యాబుకి తీసుకెళ్ళారు. బెల్లం నీళ్ళలో బేకరీ ఈస్టు కలిపి, బిరడా బిగించి, గొట్టం అమర్చారు. ఈస్టు కంటికి కనపడనంత చిన్న జీవి అనీ, గాలి అందనప్పుడు తీపిని విరిచి ఆల్కహాలు, కార్బన్ డయాక్సైడు తయారుచేస్తుందనీ చెప్పారు. చూస్తూ ఉండమని నాకప్పగించి వెళ్ళారు. ఆ ఖాళీ భవనంలో నాతో పాటు కదులుతున్నది అదొక్కటే. కానీ గాలి అందదన్న మాట నా మనసులో ముల్లులా ఉండిపోయింది. మా చెరువులో గాలి చాలక తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరిచేవి. నాన్న పరుగెత్తి ఇంజను వేసి నీళ్ళు చిమ్మించేవారు. అందుకే బిరడా లాగేశాను.

తిరిగొచ్చిన టీచరుగారు నేను చెప్పిందంతా విని తిట్టలేదు. "చేపనుకున్నావటే దాన్ని?" అని నవ్వి, ఈస్టు చావలేదనీ, వాయువు పైనుంచి పోయిందంతేననీ చెప్పి బిరడా మళ్ళీ బిగించారు. కాసేపటికి బుడగలు మొదలయ్యాయి.

"గాలి లేకపోతే ఇంకోలా బతుకుతుందమ్మా."

"ఎన్నాళ్ళు బతుకుతుందండీ?"

తీపి ఉన్నన్నాళ్ళనీ, తాను చేసిన ఆల్కహాలే మరీ ఎక్కువైతే తట్టుకోలేదనీ దాచకుండా చెప్పారు. అంత నిజం చెప్పిన మనిషి దగ్గర ధైర్యం వచ్చి, అన్నాళ్ళూ ఎవరినీ అడగనిది అడిగాను. మా నాన్న వస్తారా అండీ అని.

"నాకు తెలీదమ్మా" అన్నారావిడ. స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నారు. చీకటి పడేదాకా ఇద్దరం ఆ వాయువుకి సున్నపుతేట తెల్లబడడం చూశాం. మర్నాడు నేను పెట్టె సర్దలేదు.

నేను పనిచేసే ఆస్పత్రి వరండాలో ఎవరైనా ఎదురుచూస్తూ కనిపిస్తే, వచ్చేస్తారులే అనే మాట ఇప్పటికీ నా నోట రాదు. తెలియదని చెప్పి, కాసేపు వాళ్ళతో కూర్చుంటాను.

ఆ ఏడాది నాన్న బడి తెరిచాక వచ్చారు. ఎందుకు రాలేకపోయారో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేరు.