నిలవెట్టిన నీళ్లు

నల్లా ఇప్పంగనే బ్లీచింగు వాసన గుప్పున ముక్కుకు తాకుతది. మిర్యాలగూడల మా ఇంటెనక రేకుల కింద రెండు పొట్టి నీలం డ్రమ్ములున్నయి. వాటిల్ల నీళ్లు వట్టి, మూతికి పాత చీరగుడ్డ గట్టి, ఆ వాసన పొయ్యేదాక నిలవెడుత. తాగనీకి గాదు, తానానికి గాదు. ముందటి అర్రల అద్దాల పెట్టెల రెండు ఎర్ర షాపలు ఈదుతున్నయి, వాటికి. మా ఇంటాయన సిమెంటు లారీ నడిపేటోడు. మేళ్లచెరువుల లోడు ఎత్తుకొని వచ్చుకుంట ఒకనాడు కోదాడల ఆగి, ఆ పెట్టెను, సంచిల షాపలను కొని, పెట్టెను పక్క సీట్ల పండవెట్టి, సుట్టూ తువ్వాల జుట్టి పసిపిల్లను తెచ్చినట్టు తెచ్చిండు. ఆయన పొయ్యిండు. షాపలున్నయి. వారానికోపాలి పెట్టెల కొన్ని నీళ్లు తీసి, అన్నే డ్రమ్ములయి పోస్త.

నిన్న పొద్దుగాల లేచి సూస్తే రెండు డ్రమ్ములూ ఖాళీ. నా కొడుకు బండి మాత్రం తళతళ మెరుస్తున్నది.

"నీళ్లే గదనే అమ్మా, గింత లొల్లేంది? నల్లా ఒస్తది గద, మళ్ల నింపుకో" అన్నడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. గా మాట నేను ఇంతకుముందు ఒకపాలి ఇన్న. లంగేసుకునే ఈడుల ఇన్న.

మాది వేములపల్లి దిక్కు ఊరు. మా వాకిట్ల సగం భూమిల పాతిన మట్టి గోలెం ఒకటుండేది, నా నడుమెత్తు. దాని కడుపంత పచ్చటి పాసి. ఎండకాలం మా నాయినమ్మ ఆ సల్లదనానికి ఈపు ఆనిచ్చి, సుట్ట ఎలిగిచ్చుకొని, వచ్చేటోళ్లను పొయ్యేటోళ్లను పేరువెట్టి తిట్టుకుంట కూసునేది, మేము ఆమె కాళ్లకాడ కచ్చకాయలాడేటోళ్లం. వానకాలం కాల్వ నీళ్లు కుంకుడురసం లెక్క ఎర్రగొస్తే, మా అమ్మ చిల్లగింజను రాయి మీద అరగదీసి ఆ గంధం బిందెల కలిపేది, తెల్లారేసరికి మన్నంత అడుక్కు దిగి పైనీళ్లు అద్దం లెక్కుండేటివి. బతుకమ్మ నాడు తంగేడు పసుపంటిన చేతులు ఆ గోలెం నీళ్లతోని కడుక్కొని, సత్తుపిండి ముద్దలు బుక్కెడు బుక్కెడు మింగేటోళ్లం. సలికాలం తెల్లారగట్ల దాని మీదికెల్లి పొగలు లేస్తుండేటివి.

గవన్ని బాగనే ఉన్నయి. ఎండకాలం కాల్వ బందయితే మాత్రం ఊరి బాయే దిక్కు. ఆ బాయి గిలక ఊరోళ్లు మా వాడోళ్లను ముట్టనియ్యకపోయేటోళ్లు. బిందె కింద వెట్టి దూరం నిలబడాలె. ఎవరికన్న బుద్ధి పుడితే పోస్తరు, లేకుంటే ఎండల మాడుడే. అది గూడ పైకెల్లి పోసేటోళ్లు, వాళ్ల బొక్కెన మా బిందెకు తాకుతదని. సగం నీళ్లు నేల పాలు. మా అమ్మ తలొంచుకొని వట్టేది. నోరిప్పితే రేపు ఆ సగం గూడ ఉండదు.

ఆ గోలెంల ఒక పరక షాప ఉండేది, నా ఏలంత. దోమపురుగుల్ని తింటదని మా నాయిన వరి మడికెల్లి తెచ్చి ఏసిండు. దానికోసమని అమ్మ తెచ్చిన నీళ్లు తెచ్చినట్టు గుమ్మరియ్యకపోయేది. బిందెలను గోలెం పక్కకే వెట్టి, గుడ్డ గప్పి, తెల్లారేదాక ఉంచి, గోలెంల మోకాలెత్తు పాతనీళ్లు ఎప్పటికీ మిగిలిచ్చి, వాటి మీదికి కొత్తయి చెంబుతోని అంచుకు జారిడిసేది. నేను తొందరవడి బిందె ఎత్తితే నెత్తి మీద మొట్టికాయ. "పండుకున్నదాన్ని ఎత్తుకపోయి నిన్ను బాయిల ఏస్తే ఎట్లుంటదే? దానికీ గట్లనే" అనేది.

ఒక ఏడు మా వాడకు నల్లా వచ్చింది. మా నాయిన తమ్ముడు, మా సిన్నాయినకు సంబురం ఆగలేదు. అమ్మ కూలికి పొయ్యిన యాళ్ల గోలెమంత తోడి పారవోసి, పీచుతోని తోమి, నల్లా నీళ్లు నిండుగ వట్టి, షాపను దాంట్ల ఇడిసిండు. నీళ్లు అంచు దాటి వాకిట్ల పారుతుంటే "ఇగ ఎవని ముందట బిందె వెట్టే పనిలేదు" అని ఎగిరిండు. మేమంత ఆ నీళ్లల్ల ఎగిరినం. వాకిలంత గిదే బ్లీచింగు వాసన.

పొద్దుమూకి అమ్మ కాళ్లకు మడి బురదతోని వచ్చింది. గోలెం మెరుస్తున్నది. షాప పక్కకు తిరిగి తేలుతున్నది.

"పాత నీళ్లు ఏవి మర్దీ?"

"పారవోసిన వదినా. నీళ్లే గద, నల్లా వచ్చింది."

అమ్మ షాపను అరచేతులకు తీసుకొని ఆయన ముందట వెట్టింది. "నల్లా వచ్చిందని ఊరంత ఎగిరిన్రు. దీనికి ఎవరన్న జెప్పిన్రా?" వాకిట్ల ఎవరో కిసుక్కున నవ్విన్రు. అమ్మ నవ్వలే. "పొద్దంత ఎండల నిలబడి, తల వంచుకొని వట్టిన నీళ్లయ్యా అవి. నువ్వు దోసెడు గూడ మిగిలియ్యలే."

సిన్నాయిన మీద నాకు కోపం లేదు. దూపతోని ఎండినోడు నీళ్లు సూస్తే ఎగురుతడు. కోపమంత బాయికాడ పైకెల్లి పోసినోళ్ల మీద. వాళ్లు సచ్చిన్రు, నా కోపం సావలే.

ఆ గోలెం రోడ్డు ఎడల్పు జేసిన నాడు జేసీబీ కింద పెంకులైంది. మొన్న సూర్యాపేటల లగ్గానికి పొయ్యొస్తుంటే రోడ్డు మీది హోటల్ ముందట అసొంటిదే ఒకటి కనవడ్డది. తెల్లరంగు ఏసి, దాంట్ల ప్లాస్టిక్ తామరపూలు వెట్టిన్రు. లోపట సుక్క నీళ్లు లేవు. సక్కగ తయారైన జనం దాన్ని కావలిచ్చుకొని ఫోటోలు దిగుతున్నరు. కిరాణం షాపుల చిల్లగింజ అడిగితే, ఏ కంపినీదమ్మా అన్నడు.

ఇయ్యాల నల్లా వచ్చింది, డ్రమ్ములు నింపిన. అద్దాల పెట్టెల నీళ్లు పచ్చవడ్డయి, షాపలు మీదికొచ్చి నోర్లు తెరుస్తున్నయి. వాసన పొయ్యేదాక పొయ్యనీకి లేదు. ఇందాక కొడుకు బకెటు వట్టుకొని మళ్ల వచ్చిండు.

"లెవ్వే అమ్మా, ఒక్క బకెటే."

"నీ బండి మురికైతే సావదు. పోరా."

పోలే. నేను ఎప్పుడు లేస్తనా అని గాడనే నిలబడ్డడు. ఒక డ్రమ్ము మీద చెక్క ఏసుకొని కూసున్న, రెండోదాని మీద కాళ్లు చాపిన. గీ ముచ్చటంత గట్ల కూసొనే జెప్తున్న.