అన్న చేతిలోని రెండో రిమోట్

దయ్యాలు లేవని నేను అనను. దురాత్మలున్నాయని బైబిల్ వాక్యం చెబుతోంది, నమ్ముతాను. నేను ఏనాడూ నమ్మనివి మనుషులు చెప్పుకునే కథలు. ఎవరో గొలుసు లాగారని, తలుపు దానంతట అదే తెరుచుకుందని, లేని మనిషి వచ్చి కూర్చున్నాడని. సండే స్కూల్లో ఇరవై ఏళ్ళుగా పిల్లలకు చెబుతున్నాను, అలాంటివి వినొద్దు, చెప్పొద్దు అని. ఇప్పుడు నేనే ఒకటి రాయాల్సి వచ్చింది.

మా అన్న పేరు జయరాజు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఇబ్రహీంపట్నంలో ఉంటూ మోటార్లకు వైండింగ్ చేసేవాడు. ఒక రోజు ఉదయం స్నానానికి వెళ్ళి అక్కడే పడిపోయాడు. తలలో నరం చిట్లిందన్నారు. ఆపరేషన్ చేశారు, ప్రాణం దక్కింది. మనిషి మాత్రం తిరిగి రాలేదు. కళ్ళు తెరిచి ఉంటాయి, పైకి చూస్తుంటాయి. పిలిస్తే పలకడు, గిల్లితే చూడడు. ముక్కులో గొట్టం ద్వారానే తిండి. ఏడు నెలలయ్యాక డాక్టరు గారు మా వదినను, నన్ను కూర్చోబెట్టి, మీరు పక్కనున్నట్టు అతనికి తెలియదు, ఇక తెలిసే అవకాశమూ లేదు అని నెమ్మదిగా చెప్పారు.

వదిన తలూపింది. నేను ఒప్పుకోలేకపోయాను. దానికి కారణం ఉంది.

మేము ఉయ్యూరులో పెరిగాం. అన్న ఐటీఐ చదువుతూ సెలవుల్లో ఒక షాపులో పనిచేసి, టీవీకి తగిలించి ఆడే వీడియో గేమ్ కొనుక్కున్నాడు. పైన క్యాసెట్ గుచ్చితే ఆట వచ్చేది. రెండు రిమోట్లు. ఆట మొదలుపెట్టే బటను మొదటిదానికే ఉంటుంది. అది నాకిచ్చి, తను రెండోది తీసుకునేవాడు.

మేమిద్దరం ఎక్కువగా ఆడింది ట్యాంకుల ఆట. ఇద్దరం ఒకే పక్షం. అయినా ప్రతి రౌండు మొదట్లో అన్న తన ట్యాంకును కొంచెం పైకి జరిపి, ఎడమకు తిప్పి, నా మీద ఒక గుండు వేసేవాడు. సొంత పక్షం గుండు తగిలితే ట్యాంకు చావదు, మిణుకుమిణుకుమంటూ కాసేపు కదలకుండా ఉండిపోతుంది. శత్రువులు మీదికొస్తుంటే నేను గింజుకునేవాణ్ణి. “ప్రేయర్ చేస్కోరా పాస్టరూ, టైమిచ్చాగా!” అని పడీ పడీ నవ్వేవాడు. తర్వాత నాకు అడ్డం నిలబడి నన్ను కాపాడేదీ తనే.

నాకు పదిహేడేళ్ళప్పుడు యవ్వనస్థుల కూడిక జరిగింది. లోక సంబంధమైనవి తెచ్చి అగ్నిలో వేయమని ప్రసంగీకుడు పిలుపునిచ్చాడు. ఎవరో సినిమా పాటల క్యాసెట్లు తెచ్చారు, ఎవరో పేక ముక్కలు తెచ్చారు. నేను ఇంటికి పరుగెత్తి అన్న వీడియో గేమ్, పదకొండు క్యాసెట్లు, రెండు రిమోట్లు తెచ్చి వేశాను. అందరూ స్తోత్రం అన్నారు. మా నాన్న కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

అన్న సాయంత్రం వచ్చి, జరిగింది విని, ఒక్క మాట అడిగాడు. “నాది ఇచ్చేశావు సరే. మరి నీదేం ఇచ్చావురా?”

ఆ వారం నుంచి అన్న మందిరానికి రావడం మానేశాడు. నాతో మాట మానలేదు. నా పెళ్ళి పనులన్నీ చేశాడు, నా పిల్లలకు సైకిళ్ళు కొన్నాడు. మందిరం గడప మాత్రం ఇరవై ఏడేళ్ళు తొక్కలేదు. నేను క్షమాపణ అడగలేదు. దేవుని కోసం చేసినదానికి మనుషులను అడగడమెందుకనుకున్నాను. ఇప్పుడు అడగాలి. అడిగితే వినడానికి అన్న లోపల ఉన్నాడా, లేడా? నాకు కావలసిందల్లా అదొక్కటే.

అన్న కుడి బొటనవేలు అప్పుడప్పుడు కదిలేది. అది తెలిసి కదిలించేది కాదని ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. చేతికి అలవాటైన వస్తువేదైనా పట్టించి చూడమని కూడా తనే అంది. వదిన స్క్రూడ్రైవర్ పెట్టింది, వైండింగ్ తీగ చుట్ట పెట్టింది. నేను ఆ వేలి వైపే చూస్తూ కూర్చున్నాను. అది రెండుసార్లు నొక్కి, ఆగి, మళ్ళీ ఒకసారి నొక్కుతోంది. రిమోట్ మీద అన్న గుండ్లు వేసే ఆ నొక్కుడు నాకు తెలుసు.

అలా మొదలైంది నా వేట. ఇప్పుడు బజార్లో వందల ఆటలు లోపలే పెట్టి అమ్మే చవక రకాలున్నాయి. అవి అన్న చేతికి తెలిసిన ఆకారంలో లేవు. నాకు ఆ పాతదే కావాలి. నేను గవర్నర్‌పేటలో ఒక హోల్‌సేల్ స్టేషనరీ షాపులో మేనేజరుగా చేస్తాను. మధ్యాహ్నం భోజనం మానేసి పాత సామాన్ల షాపులన్నీ తిరిగాను. గుడివాడ, తెనాలి, ఏలూరు వెళ్ళాను. పాత గేములు సేకరించేవాళ్ళ ఫోన్ గ్రూపుల్లో చేరాను. క్యాసెట్ పిన్నులను రబ్బరుతో రుద్ది శుభ్రం చేయడం నేర్చుకున్నాను. కొత్త టీవీలో ఆ బొమ్మ సరిగా రాదంటే, మందిరం స్టోరు రూములో పడి ఉన్న డబ్బా టీవీని అడిగి తెచ్చుకున్నాను. పిచ్చిపట్టినవాడిలా తిరుగుతున్నానని మా ఆవిడ బాధపడింది. శుక్రవారాలు ఉపవాసముండి ప్రభువును ఒకే సూచన అడిగాను. అన్న ఉన్నాడని తెలియజేయి చాలు.

చివరికి బందరులో ఒక టైలరమ్మ గారింట్లో అదే మోడల్ దొరికింది. ఆమె కొడుకు చిన్నప్పుడు ఆడుకున్నదట. అటక మీద నుంచి దించి, దుమ్ము దులిపి, “పన్జేస్తదో లేదో నాకు తెలీదండీ. మావోడు ఒక్కడే ఆడుకునేవోడు,” అంది. ఇంటికి తెచ్చి పెట్టి చూస్తే బొమ్మ వచ్చింది. మొదటి రిమోట్ పనిచేసింది. రెండోది నేను పరీక్షించలేదు. ఎలాగూ అది అన్న చేతిలో పెట్టడానికే కదా అనుకున్నాను.

ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక బస్సెక్కి ఇబ్రహీంపట్నం వెళ్ళేవాణ్ణి. మంచానికి ఎదురుగా టీవీ పెట్టి, అన్న వీపు వెనక దిండ్లు సర్ది, రెండో రిమోట్ చేతుల్లో పెట్టి, ట్యాంకుల ఆట ఇద్దరికని మొదలుపెట్టేవాణ్ణి. నా ట్యాంకు కదిలేది. అన్న ట్యాంకు పుట్టిన చోటే నిలబడి చచ్చేది. ఏడు ఆదివారాలు అంతే.

ఆ మధ్య వదిన నాతో ఒక విషయం చెప్పింది. ఆమె ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. అన్నను రోజుకు ఐదారుసార్లు పక్కకు తిప్పీ తిప్పీ ఆమె నడుము పోయింది. గుడివాడ దగ్గర, లేవలేనివాళ్ళను చూసుకునే ఆశ్రమం ఒకటుంది. అక్కడ చేరుద్దామంది. “తెలివున్న మనిషైతే నేను మోస్తా దానియేలూ, పాక్కుంటానైనా మోస్తా. ఆయనకి తెలవనప్పుడు ఏ మంచమైతే ఏంటి?” అంది.

ఎనిమిదో ఆదివారం మధ్యాహ్నం రెండున్నర. బయట మంచి ఎండ. కిటికీ తెరిచే ఉంది. వదిన వంటింట్లో ఉంది. నేను ఆట మొదలుపెట్టాను.

అన్న ట్యాంకు కొంచెం పైకి జరిగింది. ఎడమకు తిరిగింది. ఒక గుండు వేసింది.

నా ట్యాంకు మిణుకుమిణుకుమంటూ ఆగిపోయింది. నేను బటన్లు నొక్కుతూనే ఉన్నాను, అది కదలడం లేదు. ఈలోగా ఆ రెండో ట్యాంకు నా ముందుకొచ్చి నిలబడి, పైనుంచి వస్తున్నవాళ్ళను కాల్చడం మొదలుపెట్టింది.

నేను అన్న వైపు చూశాను. కళ్ళు ఎప్పటిలాగే పైకే ఉన్నాయి. చేతుల వైపు చూశాను. వేళ్ళు కదలడం నాకు కనిపించలేదు. ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. చూసింది చూసినట్టు రాస్తున్నాను. కంటికి అందనంత సన్నగా నొక్కుతున్నాడని ఆ క్షణం అనుకున్నాను.

ఎవరూ ముట్టుకోకపోతే ఆట తనంతట తాను కాసేపు ఆడి చూపిస్తుందని తెలిసినవాళ్ళు అంటారు. అది నాకూ తెలుసు. అప్పుడు మన రిమోట్ మాట వినదు. నా ట్యాంకు తేరుకున్నాక నేను తిప్పినట్టే తిరిగింది.

రెండు రౌండ్లు ఆడాం. ప్రతి రౌండు మొదట్లో నా మీద ఒక గుండు. ఆరేడు నిమిషాలుంటుంది. వదినను పిలవాలని తోచలేదు. నెలల తరబడి దాచుకున్న ఒక్క మాట అడగాలనీ తోచలేదు. పదిహేడేళ్ళవాడిలా ఆడాను. మూడో రౌండులో ఇద్దరం చచ్చాం. అప్పుడు కేక వేశాను.

వదిన చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చేసరికి ఎవరు ఎన్ని ట్యాంకులు కొట్టారో చూపించే లెక్క తెర మీద ఉంది. నావి మూడు, రెండో ఆటగాడివి తొమ్మిది. ఫోన్‌తో ఫోటో తీశాను. చారలు పడింది గాని అంకెలు తెలుస్తున్నాయి. వదిన తెర వైపు, అన్న వైపు చాలాసేపు చూసింది. “నిజంగానేనా? నా మీద ఒట్టెయ్యి,” అంది. ఒట్టు పెట్టుకోకూడదని నేర్చుకున్నవాణ్ణి. ఆ రోజు ఒట్టు వేశాను. ఆమె అన్న కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చింది. మళ్ళీ ఆడించబోతే అన్న నిద్రపోయాడు. వచ్చే ఆదివారం దాకా ఆశ్రమం మాట ఎత్తనంది.

ఇక్కడ నేను చేసిన పని వల్లే ఇది రాస్తున్నాను. బటన్లు బిగుసుకుపోయి ఉంటాయి, మెత్తగా చేయిస్తే అన్నకు సులువవుతుంది అనుకున్నాను. సోమవారం ఆ రెండో రిమోట్‌ను మా షాపు వెనక సందులో రిపేర్లు చేసే మస్తాన్ గారికిచ్చి, సాయంత్రం వస్తానని పనిలోకి వెళ్ళిపోయాను.

సాయంత్రం వెళ్ళేసరికి ఆయన నన్ను చూసి నవ్వుతున్నారు. “ఏవండీ దానియేలు గారూ, దీంతో ఎవరండీ ఆడింది?”

మా అన్న అని చెప్పాను.

“అయితే మీ అన్నగారికి దండం పెట్టాలండీ. లోపల బోర్డే లేదు. బటన్ల కింద రబ్బరు ముక్క, బరువుకి ఒక నట్టు, అంతే. తీగ లోపలికి రాగానే ముడేసి వదిలేశారు. రెండో రిమోట్ పాడైతే సెట్టు నిండుగా కనపడాలని ఇట్టా ఖాళీ డబ్బా పెట్టి అమ్మేవోళ్ళండీ అప్పట్లో.”

మొదటి రిమోట్ నుంచి కరెంటు ఎలాగైనా రెండోదానికి వెళ్ళి ఉంటుందా అని అడిగాను. “అట్టా అయితే రెండూ ఒకేలాగా కదలాలి కదండీ,” అన్నారు. తర్వాత సంతోషంగా చెప్పారు. “మీరేం దిగులు పడమాకండి. వేరేదాంట్లోంచి మంచి బోర్డు తీసి ఏశా. కొత్త తీగ కూడా ఏశా. ఇప్పుడు వేలు ఆనిస్తే చాలు.”

పాత తీగ, ఆ రబ్బరు, ఆ నట్టు ఏవని అడిగాను. మధ్యాహ్నం పాత సామాన్లవాడికి వేసేశారట. ఆ బండి కోసం వన్‌టౌన్ దాకా పరుగెత్తాను. దొరకలేదు.

తొమ్మిదో ఆదివారం వదిన మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. మంచి చీర కట్టుకుంది. అన్నకు గడ్డం గీసి, తల దువ్వింది. బోర్డు సంగతి నేను ఆమెకు చెప్పలేదు. ఆట మొదలుపెట్టాను. రెండో ట్యాంకు పుట్టిన చోటే నిలబడింది. చచ్చింది. మళ్ళీ పుట్టింది. చచ్చింది. సాయంత్రం దాకా ఆడించాను. “అన్నా, ఒక్కసారి, ఒక్కసారి నొక్కు,” అని బతిమాలాను. ఆ వారంలో కుడి బొటనవేలి కదలిక కూడా ఆగిపోయిందని అప్పుడు వదిన చెప్పింది.

చీకటి పడకముందే ఆమె లేచి టీవీ ఆపేసింది. “ఆ రోజు నువ్వే రెండూ పట్టుకుని ఆడావు కదూ?” అంది. కోపంగా అనలేదు. “ఆయన మీద ప్రేమతోనే చేసుంటావు. కానీ నాకు ఆశ పెట్టి ఇట్టా చెయ్యొద్దయ్యా. నేను తట్టుకోలేను.”

బోర్డు లేదని చెబితే అన్న ఆడలేదనడానికే అది సాక్ష్యమవుతుంది. రిమోట్లు సంచిలో సర్దుకున్నాను. ఆ నెలలోనే అన్నను ఆశ్రమంలో చేర్చాం.

మా పాస్టరు గారికి మొత్తం చెప్పాను. ఆయన, “మీరు అడిగింది దేవుణ్ణే. ఆయనే ఇచ్చుంటే, రిపేరు చేసినంత మాత్రాన ఆగిపోద్దా దానియేలు గారూ? ఇంకొకడు ఇచ్చుంటే, మీ అన్నగారి అల్లరి వాడికెందుకు?” అన్నారు. మందిరంలో సాక్ష్యం చెప్పమంటే లేవలేకపోతున్నాను. ఎవరు చేసిన మేలని చెప్పాలో తెలియడం లేదు.

ఫోటో నా ఫోన్లో ఉంది. మస్తాన్ గారు ఉన్నారు, అడిగితే చెబుతారు. నేను చూసింది చూశాను. ఎలా జరిగిందో మాత్రం ఈ రోజుకీ చెప్పలేను.

వేట మానలేదు. ఇప్పుడు ఆ పాత మోడల్ రెండో రిమోట్లు నా దగ్గర పద్నాలుగున్నాయి. అన్నీ పనిచేయనివే. మంచిది ఇస్తానంటే ఎందుకు వద్దంటున్నారని అమ్మేవాళ్ళు విసుక్కుంటారు, గ్రూపుల్లో నవ్వుకుంటారు. టీవీ, గేమ్ ఆశ్రమంలోనే ఉంచాను. ప్రతి ఆదివారం వాటిలో ఒకటి తీసుకుని గుడివాడ బస్సెక్కుతాను. అన్న చేతుల్లో పెట్టి, చెవి దగ్గర క్షమాపణ అడిగి, ఆట మొదలుపెడతాను. ఇప్పటిదాకా ఏదీ కదల్లేదు.

పనిచేసేది మళ్ళీ తీసుకెళ్ళే ధైర్యం నాకు లేదు. దానితో ట్యాంకు కదలకపోతే అన్న లేడని అర్థం. పనిచేయనిదానితో కదలకపోతే దానికి ఏ అర్థమూ ఉండదు.