పక్క సీటు బరువు

మొన్న సాయంత్రం కందిపప్పులో రాళ్ళు ఏరుతుంటే మనవరాలు వచ్చి పక్కన కూర్చుని, నా చెయ్యి ఆపి మరీ తన ఫోనులో ఒక వీడియో చూపించింది. ఎక్కడో రేసు కార్లు తిరిగే ట్రాకు, ఒక కారు లోపల కెమెరా, నడిపే కుర్రాడి పక్క సీట్లో నా ఈడు ఆడమనిషి, తలకు హెల్మెట్, ఒంటికి అడ్డంగా బెల్టులు, మలుపు వచ్చినప్పుడల్లా నోరంతా తెరిచి నవ్వుతోంది. ఇప్పుడు డబ్బు కడితే ఎవరినైనా అట్లా పక్కన కూర్చోబెట్టుకుని తిప్పుతారట. ఎంత బాగుందో చూడు నానమ్మా అని పిల్ల మురిసిపోయింది. నేను ఛార్జింగు దండగ చెయ్యకమ్మా అని చేట ముందుకు లాక్కున్నాను గానీ, ఆ తర్వాత నా కళ్ళు పప్పు మీద నిలవలేదు, ఆ రాళ్ళు రాత్రి అన్నంలో నా కొడుకు పంటికి తగిలాయి. ఆ నవ్వే ఆమెను చూసి నాకు కడుపు మండింది. ఈ వయసులో ఇదేం కుళ్ళు అని మీరు నవ్వుకున్నా సరే, ఉన్నమాట చెబుతున్నాను.

నేను పెద్దగా చదువుకోలేదు, రెండో వాచకం పూర్తికాకముందే బడి మాన్పించారు. పెళ్ళయి కొత్తగూడెం వచ్చేసరికి మా ఇంటాయనకు భద్రాచలం పోయే రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఉండేది, అందులో బొగ్గు లారీలు, అడవి కాంట్రాక్టర్ల జీపులు మరమ్మతు చేసేవాడు. పిల్లలు కాస్త ఎదిగాక ఒక కాంట్రాక్టరు పాత మారుతి కారు పాల్వంచ దాటాక టేకు చెట్టుకు గుద్దుకుంటే, బాగు చేయించడం కన్నా వదిలేయడమే మేలని ఆయన దాన్ని మా షెడ్డులోనే వదిలేశాడు. దాంతో రేసు కారు చేస్తానని మా ఇంటాయన కూర్చున్నాడు. చేసుకో, కొత్త వస్తువు ఒక్కటి కొన్నావంటే ఊరుకోను అన్నాను నేను. ఊరుకోనంటే ఊరుకోనని ఆయనకు తెలుసు, అందుకే ముందు బంపరు మా అత్తగారి ఇనుప మంచం కోళ్ళతో అయ్యింది, అద్దాల చోట ఇనుప జల్లెడ వచ్చింది, సైలెన్సరు ఏ లారీదో ఆ లారీకే తెలియాలి. సీట్లు చినిగి ఉంటే బూరుగు దూది కూరి, నా పాత ఆకుపచ్చ చీర రెండు మడతలు వేసి, నేనే పైన తొడిగే గవుసెన కుట్టాను.

ఆ రోజుల్లో ఎండాకాలం వస్తే తల్లాడ అవతల కోత అయిపోయిన చేలల్లో కుర్రకారు కార్ల పందేలు పెట్టుకునేవారు. మట్టిలో గిరగిరా తిరగడమే తప్ప వాటికి నియమాలు, నిబంధనలు ఏమీ ఉండేవి కావు. మా ఇంటాయన భారీ మనిషి, ఆయన కుడివైపు కూర్చుంటే కారు ఆయన వైపే ఒరిగి, ఎడమ మలుపులో ఎడమ చక్రం నేలను వదిలి గాల్లోకి లేచేది. అందుకని నన్ను ఎడమ సీట్లో కూర్చోబెట్టాడు. అప్పుడు నేనూ బక్కదాన్నేమీ కాను. మలుపు రాగానే ఆయన ఊ అనేవాడు, నేను తలుపు వైపు ఒరిగి బరువంతా ఆ చక్రం మీద వేసేదాన్ని, కారు బుద్ధిగా నేలను పట్టుకునేది. ముక్కులో దుమ్ము, జుట్టులో దుమ్ము, ఇంటికొచ్చి తలంటుకుంటే నీళ్ళు కాఫీ రంగులో పోయేవి. ఇంటి దగ్గర నాతో పొయ్యి మీద అన్నం సంగతి తప్ప ఇంకోటి మాట్లాడని మనిషి, ఆ చేలల్లో నా వైపు చూసి ఊ అంటే నా ప్రాణానికి అది చాలు అన్నట్టు ఉండేది. ఒకనాడు గెలిచి వస్తూ దారిలో ఆయనే అన్నాడు, నేను అడగలేదు.

"మద్రాసు ట్రాకు మీదికి పోయిననాడు మొదటి చుట్టు నిన్ను పక్కన కూసోబెట్టుకొనే తిప్పుత."

ఆ మాట ఆయన మరిచిపోయాడేమో గానీ నేను మరిచిపోలేదు.

మద్రాసు ట్రాకు అంటే చేలు కాదు, తారు వేసిన మెలికల రోడ్డు. దానికి మంచం కోళ్ళ కారు పనికిరాదు. ఊళ్ళో లేతు మిషను షాపు నడిపే సాయిబు, మా ఇంటాయన చిన్నప్పటి దోస్తు, ఇంటిల్లిపాదీ భాయ్ అని పిలిచేవాళ్ళం, ఆయన షాపు మూసి సాయంత్రాలు మా షెడ్డుకు రావడం మొదలుపెట్టాడు. కారు పల్టీ కొట్టినా మనిషి నలగకుండా లోపల పైపులు వంచి పంజరం కట్టాడు. కిందికి దించి స్ప్రింగులు మార్చారు, బ్రేకులు మార్చారు, గీతలు లేని నున్నటి టైర్లు ఎక్కడినుంచో తెచ్చారు. నేను వద్దనడం మానేశాను, ఎందుకంటే ఆ ఖర్చు చివర నాకు మాటిచ్చిన మొదటి చుట్టు ఉంది కదా.

ఇక కారులోంచి వస్తువులు తీయడం మొదలైంది. కింద పరిచిన పట్టాలు తీశారు, అవి నీళ్ళ బిందెల కిందకు వచ్చాయి. వెనక సీటు తీశారు, అది షెడ్డు ముందు బెంచీ అయ్యింది. తలుపు లోపలి అట్టలు కోళ్ళ గూటికి తలుపులయ్యాయి. ఏదీ పారెయ్యనివ్వకుండా అన్నీ ఏరుకుంటున్న నేను, ఒకరోజు టీ తీసుకుని షెడ్డుకు పోయేసరికి నా సీటు నేల మీద ఉంది. ఏందిది అని అడిగితే మా ఇంటాయన పానా తుడుచుకుంటూ, బరువు తగ్గించాలె, ట్రాకు మీద ప్రతి కిలో లెక్కే అన్నాడు. మరి నేనో అని అడిగాను.

"నువ్వు సుత బరువే గదనే" అని నవ్వాడు.

ఆయనకు అది పరాచికం. బరువుగా ఉన్నందుకే నన్ను ఎక్కించుకున్న మనిషి, బరువుగా ఉన్నందుకే దింపాడు. భాయ్ మాత్రం నా ముఖం చూసి కాస్త జంకి, బ్యాటరీని ముందునుంచి తీసి అక్కడ పెట్టాలె భాభీ, లేకుంటే బండి కుడికి గుంజుతది అని నచ్చజెప్పాడు. నేను కాళ్ళు పెట్టుకునే చోట బ్యాటరీని బిగించారు. సవతి వచ్చినా ఒక ఆడమనిషి వచ్చిందనుకుంటాం, తిట్టుకోవడానికి ముఖం అన్నా ఉంటుంది. ఆ బ్యాటరీకి మా ఇంటాయన రోజూ నీళ్ళు పోసేవాడు, గుడ్డతో తుడిచేవాడు. నాకు జ్వరం వస్తే గోలీ తెచ్చి గూట్లో పెట్టి పోయేవాడు.

ఇంతలో కారు తయారైందని పూజ పెట్టుకున్నారు. మా ఇంట్లో ఏ మంచి పనైనా ఇంటి ఆడబిడ్డ చేత్తో మొదలవ్వాలి, అది మా అత్తగారి నాటి పద్ధతి. మొదటి విత్తు ఆమె చల్లాలి, కొత్త పొయ్యి మీద పాలు ఆమె పొంగించాలి. నేను చిట్టీ పాడి కొనుక్కున్న కుట్టుమిషను మీద మొదటి కుట్టు కూడా ఆమే వేసింది, వంకరగా. ఆడబిడ్డ అంటే మా ఇంటాయన చెల్లెలు. కూసుమంచిలో ఇచ్చారు, అక్కడే బడిలో ఆటల టీచరు, చువ్వలాంటి మనిషి, అన్న దగ్గరే కారు నేర్చుకుంది. నిమ్మకాయల మీదుగా కారు నడిపించమని ఆమెకు ఇచ్చారు. ఆమె నిమ్మకాయలు తొక్కించి ఆగుతుందనుకుంటే ఆగలేదు, రైలు స్టేషను వెనక ఖాళీ జాగా అంతా చుట్టి వచ్చింది. మా ఇంటాయన, భాయ్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అన్న కన్నా చెల్లెలు తేలిక, కారు ఆమె చేతిలో లేడిపిల్లలా పోతోంది. పంతులు అక్షింతలు ఇంకా నేల మీద ఉండగానే, మద్రాసులో నడిపేది ఆమేనని ఖాయమైంది. నేను హారతి పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాను.

కారును వ్యానులోకి ఎక్కించి తాళ్ళతో కట్టి, వెనక జాగాలో వంట సామాను పెట్టుకుని మద్రాసు బయలుదేరాం. అంత దూరం రేకు మీద కూర్చుంటే నడుము పోతుందని, ఊరికే పడి ఉన్న నా సీటును నేనే వ్యానులో వేయించుకున్నాను. కారు ముందు, దాని వెనక నా సీట్లో నేను, దారి పొడుగునా దాని ముడ్డి చూస్తూ పోయాను.

అక్కడ పందేనికి ముందు ప్రతి కారునూ కాటా మీదికి ఎక్కించి తూచారు. బండీ, నడిపే మనిషీ కలిపి ఇంత బరువుకు తగ్గకూడదని వాళ్ళ నియమం. మా వాళ్ళు అన్నీ పీకి అన్నీ తగ్గించి వేసుకున్న లెక్కంతా మా ఇంటాయన ఒంటితో వేసుకున్నది. నిమ్మకాయల పూజ దగ్గర మనిషి మారింది గానీ లెక్క మారలేదు. బరువు చాలలేదు, కారును పక్కన పెట్టమన్నారు.

భాయ్ ఆ సంగతి చెబుతుంటే, బరువు కావాలె, జల్దీ బరువు కావాలె అన్న ముక్క ఒక్కటే నా చెవిన పడింది. చేలల్లో నన్ను ఎందుకు ఎక్కించారో అదే మాట. సీట్లోంచి లేచి, కొంగు నడుముకు దోపుకుని, జుట్టు గట్టిగా ముడి వేసుకుని, వ్యాను అంచున నిలబడ్డాను. భాయ్, మా ఇంటాయన పరుగున నా వైపే వచ్చారు.

"జర పక్కకు జరగండి భాభీ" అన్నాడు భాయ్. "సీటు గావాలె."

మనిషిని ఎక్కించకూడదట, కదలకుండా బిగించిన ఇనుము అయితే చెల్లుతుందట. పాత బొల్టు రంధ్రాలు ఎట్లాగూ ఉన్నాయి, సీటు చట్రాన్ని దాని చోట్లోనే బిగించి, దానికి ఇంకో ఇనుప పలక వేశారు. గుడ్డ, దూది ఉండకూడదన్నారని గవుసెన విప్పి నా చేతిలో పెట్టారు. మా ఇంటాయన నా కొంగు చూడనే లేదు. ఆడబిడ్డ చూసింది.

పందెం అంతసేపూ ఆ ఆకుపచ్చ గవుసెన పట్టుకుని కంచె దగ్గర నిలబడ్డాను. మా కారు వచ్చినప్పుడల్లా అందరూ నడిపే మనిషిని చూశారు, నేను పక్క సీటును చూశాను. నా సీటు ట్రాకంతా తిరిగింది. ఆడబిడ్డ రెండో స్థానంలో వచ్చింది, భాయ్ ఏడ్చాడు, మా ఇంటాయన చెల్లెల్ని చిన్నపిల్లలా ఎత్తుకున్నాడు. అందరూ ఫోటోలకు పోయాక ఆమె నా దగ్గరకు వచ్చి, చెమట తుడుచుకుంటూ, మెల్లగా అంది.

"ఈ వెనక రోడ్డు మీద జర తిప్పుత రా వదినా. ఎవ్వలు సూడరు."

నా కొంగు చూసిందని అప్పుడే తెలిసింది. వద్దన్నాను. మాట ఇచ్చింది వాళ్ళ అన్న, ఆమె కాదు. మొదటి విత్తు, మొదటి పాలు, మొదటి కుట్టు అన్నీ ఆమె చేతివే, ఆఖరికి నా చుట్టు కూడా ఆమె చేత్తోనే పెట్టించుకోవాలా? ఆకలి మీద ఉంటావు, అన్నం తిను అని గిన్నె మూత తీశాను. మా ఇంటాయనకు మాత్రం, ఒక్కసారి నోరు విడిచి గుర్తు చేశాను. ఆయన నాలుక కరుచుకుని, ఇంటికి పోయినంక తిప్పుత తీయ్ అన్నాడు. ఇంటికి పోయేలోపే ఆ కారును హైదరాబాదు మనిషి ఎవరో కొనుక్కున్నాడు. బరువు సరిపోవాలి గనుక సీటు తీయొద్దన్నాడు. అది కూడా పోయింది. మా ఇంటాయన ఆ తర్వాత ఇంకా కార్లు చేశాడు, అన్నీ ఒంటి సీటువే. ఆయనా పోయి చాలా కాలమైంది.

గవుసెనను కూరగాయల సంచిగా కుట్టుకున్నాను, ఇప్పటికీ దాంతోనే బజారుకు పోతాను. ఆడబిడ్డకు మోకాళ్ళు పోయాయి, వచ్చినప్పుడల్లా హాల్లో గోడకున్న మద్రాసు పందెం ఫోటో కింద కూర్చుని కాళ్ళకు నూనె రాసుకుంటుంది. మొన్నటి వీడియో ఆమె కూడా చూసింది, నా వైపు ఒకసారి చూసి, మళ్ళీ నూనె గిన్నె అందుకుంది.

మా కాలంలో పక్క సీటు అంటే అవసరం ఉన్నన్నాళ్ళు ఉండేది, అవసరం తీరితే బొల్టులు విప్పేవారు. ఇప్పుడు అది టికెట్టు పెట్టి అమ్మే చోటైంది, కూర్చున్న మనిషికి నవ్వడం తప్ప ఇంకే పనీ లేదు. నిన్ను కూడా తీసుకుపోతా నానమ్మా అని మనవరాలు అంటోంది. ఈమధ్య దవాఖానాలో తూకం మిషను ఎక్కిస్తే ముల్లు సరిగ్గా కదల్లేదు, నర్సమ్మ దాన్ని తట్టి మళ్ళీ ఎక్కమంది. ఇప్పుడు ఎవరైనా బరువు కావాలని పిలిచినా, ఆ చక్రాన్ని నేల మీద ఆనించి ఉంచేటంత బరువు నాలో మిగల్లేదు.