నల్లరంగు కింది పగులు

1981లో నేను ఇండియా నుంచి వెళ్లి, అమెరికాలో పీహెచ్‌డీ ముగించి, నార్త్ కరొలైనాలోని ఒక మెటలర్జీ ల్యాబ్‌లో ఫెయిల్యూర్ అనాలిసిస్ చేసేవాణ్ని. విరిగిన లోహం ఎక్కడ, ఎందుకు విరగడం మొదలుపెట్టిందో తేల్చడం ఆ పని. ఒక ఉదయం వాల్టర్ అనే వృద్ధ మెకానిక్, గ్రీజు దట్టంగా పట్టించిన కారు చక్రం ముక్కలు రెండు నా బల్ల మీద పెట్టాడు.

యుద్ధానంతరపు తొలి స్టాక్ కార్ రేసుల్లో అతని తమ్ముడు నడిపిన కారుది ఆ చక్రం. షోరూమ్‌లో అమ్మిన కారునే, ఏ మార్పూ లేకుండా, మట్టి ట్రాక్ మీద పరుగెత్తించాలన్నది నిబంధన. మలుపులన్నీ ఎడమకే గనుక భారమంతా కుడి ముందు చక్రం మీద పడేది. అది విరగకూడదని వాల్టర్ లోపలివైపు రహస్యంగా ఒక ఉక్కు పలక వెల్డ్ చేసి, తనిఖీవాళ్లకు కనబడకుండా వెంటనే చక్రమంతా నల్లరంగు పూశాడు. మర్నాటి రేసులో చక్రం విరిగింది. తమ్ముడి కాలు పోయింది.

"నా వెల్డే విరిగిందంటాడు. ముప్పై ఏళ్లుగా మాటల్లేవు. మీ దేశంలో బండిచక్రాలు విరగవా, డాక్టర్?"

"విరుగుతాయి. కాకపోతే ఎద్దులు ఇంత తొందరపడవు. ఇంత గ్రీజు దేనికి?"

"వాడు మాట్లాడకపోతే మాత్రం, ఇనుమును తుప్పు పట్టనిస్తానా?"

ఆ గ్రీజే విరిగిన చోటి ఉపరితలాన్ని కాపాడింది. కడిగి మైక్రోస్కోప్ కింద చూశాను. వెల్డ్ చెక్కుచెదరలేదు. పగులు దూరంగా ఒక బోల్టు రంధ్రం అంచున మొదలైంది. అది ఫెటీగ్, అంటే పదేపదే పడిన భారానికి మెల్లగా పెరిగిన పగులు. రంధ్రం పక్కన గోరంత మేర పగులు లోపల నల్లరంగు ఉంది. వెల్డ్‌కీ రంగుకీ మధ్య చక్రం ఒక్క చుట్టు కూడా తిరగలేదు. కాబట్టి పగులు వెల్డ్ కంటే పాతది.

"మీ వెల్డ్ నిలబడింది," అన్నాను.

అతను మైక్రోస్కోప్ మీదికి వంగి పగులులోని నల్లరంగు చూశాడు.

"అంటే, కుంచె నా చేతిలో ఉన్నప్పుడే పగులు అక్కడ ఉంది."

"కంటికి ఆని ఉండకపోవచ్చు."

"ఆనేదే, డాక్టర్. ఆవేళ తనిఖీవాళ్ల కళ్లతో చూశాను గానీ, మెకానిక్ కళ్లతో చూడలేదు. రంగు సంగతి కూడా రాయండి."

రాశాను. కొన్ని వారాలకు ఫోన్ చేశాడు. రిపోర్టు తమ్ముడికి చదివి వినిపించాడట.

"ఏమన్నాడు?"

"రంగు సంగతి మళ్లీ చదవమన్నాడు. ముప్పై ఏళ్లకు వాడు నాతో అన్న మొదటి మాట అది."

వెల్డ్ నిలబడిందన్న వాక్యమే అతనికి చాలని నేను అనుకున్నాను. ఆ తర్వాత ఏ రిపోర్టునూ ఊరటనిచ్చే వాక్యం దగ్గర ఆపలేదు.